బుద్ధి - ఆత్మ
నిశ్చయించే శక్తి బుద్ధి. ఆ నిశ్చయాన్ని ఎరుకగా వెలిగించేది ఆత్మ. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, మనసును పగ్గాలుగా చెప్పి, బుద్ధిని సారథిని చేసింది. రథంలో కూర్చున్నవాడు ఆత్మ. సాంఖ్యుల 25 తత్త్వాల్లో బుద్ధికి మహత్తని పేరు. అది ప్రకృతి నుంచి మొదట పుట్టినదే కాబట్టి ఎంత సూక్ష్మమైనా జడమే. అద్వైతులు దాన్ని అంతఃకరణంలో చేర్చి, మనసు, చిత్తం, అహంకారాలతో కలిపి లెక్కించారు.

మరి జడమైన బుద్ధి తెలివిగా ఎలా తోస్తుంది? స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికమే ఎర్రగా కనిపిస్తుంది. పువ్వు తీస్తే ఎరుపు ఉండదు. ఆత్మ సాన్నిధ్యంలో బుద్ధి మెరుపూ అలాంటిదే. బుద్ధి చేసే పనులను ఆత్మకు అంటగట్టడం దీనికి తిరుగువైపు పొరపాటు.

తెలుగులో ఈ విచారణకు గొప్ప ఆధారం సీతారామాంజనేయ సంవాదం. 18వ శతాబ్దంలో వరంగల్లు మట్టెవాడకు చెందిన పరశురామ పంతుల లింగమూర్తి రచించిన ఈ కావ్యంలో తారకం, సాంఖ్యం, అమనస్కం అనే మూడు యోగాల వివరణ ఉంది. మహాబుద్ధిమంతుడైన ఆంజనేయుణ్ణే ఇందులో జిజ్ఞాసువుగా నిలపడం ఎంతో సముచితం.

వాడుకలోనూ ఈ భేదం దాగి ఉంది. తప్పు చేసినవాడు "నా బుద్ధి గడ్డి తిన్నది" అంటాడు. ఆ "నా" ఎవరిదన్న ప్రశ్న దగ్గరే వేదాంతం మొదలవుతుంది.