కొలువు వాకిలి : కలకత్తా నుండి కృష్ణా జిల్లా వరకు

ఉద్యోగములు కొలదిగను, ఉద్యోగార్థులు లక్షలుగను ఉన్న దేశమున ప్రభుత్వ నియామకము కేవలము కార్యాలయ వ్యవహారము కాదు. ఒక ఖాళీ నిండినప్పుడు ఒక కుటుంబము గట్టెక్కును. వందల కుటుంబములు వట్టిచేతులతో మరలును. అట్లు మరలువారు తమకును సమానావకాశము లభించినదని నమ్మినప్పుడే ఆ నియామకము న్యాయమనిపించుకొనును. ఈ నమ్మకమునకై రెండు శతాబ్దములుగా సాగిన ప్రయత్నమున అనేక ఘట్టములకు రంగస్థలము కలకత్తా. 2001 నుండి ఈ నగరము కోల్‌కతా అను పేర వ్యవహరింపబడుచున్నది.

ఈస్టిండియా కంపెనీ కొలువులో తొలిమెట్టు ఉద్యోగికి రైటరు, అనగా లేఖరి, అని పేరు. అట్టివారి కొరకు టామస్ లయన్ 1777లో నిర్మింప నారంభించిన కట్టడమే రైటర్స్ బిల్డింగ్స్. 2013 వరకు పశ్చిమ బెంగాలు సచివాలయము అందే యుండెను. ఆనాటి రైటరునకు ముఖ్యమైన అర్హత లండనులోని కంపెనీ డైరెక్టరులలో నొకరి సిఫారసు. వచ్చినవారికి దేశభాషలు నేర్పుటకు వెల్లస్లీ 1800లో ఫోర్టు విలియం కళాశాలను స్థాపించెను గాని, ఎంపిక మాత్రము సిఫారసు చేతనే జరుగుచుండెను. కారన్‌వాలిసు పాలనలో, 1793 నాటికే, పెద్ద పదవులు భారతీయులకు మూతపడెను. మతము, జన్మస్థలము, వంశము, వర్ణము కారణముగా ఏ భారతీయుడును ఉద్యోగమునకు అనర్హుడు కాడని 1833 నాటి చార్టరు చట్టము ప్రకటించెను. నియమించు హక్కు డైరెక్టరుల యొద్దనే నిలిచినందున ఆ ప్రకటన కాగితము దాటలేదు.

1853 నాటి చట్టము సిఫారసును తొలగించి పోటీ పరీక్షకు దారి తీసెను. మొదటి పరీక్ష 1855లో జరిగెను. వాకిలి తెరువబడినది, కాని ఆ వాకిలి లండనులో నుండెను. ప్రయాణ వ్యయము, సముద్రయానమును గూర్చిన కులాచారము, పరదేశపు పాఠ్యక్రమము, ఈ మూడు అడ్డంకులను దాటి 1863లో నెగ్గిన ప్రథమ భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు. 1869లో సురేంద్రనాథ బెనర్జీ, రమేశచంద్ర దత్తు, బిహారీలాల్ గుప్త ఉత్తీర్ణులైరి. వయస్సు విషయమున అభ్యంతరము తెచ్చి సురేంద్రనాథుని పేరు తొలగింపగా, ఆయన లండను న్యాయస్థానమున పోరాడి తన స్థానమును తిరిగి పొందెను. అయినను 1874లో కొలువు నుండి తొలగింపబడెను.

1876లో భారతమంత్రి సాలిస్‌బరీ ప్రభువు అభ్యర్థుల గరిష్ఠ వయస్సును 21 నుండి 19 ఏండ్లకు తగ్గించెను. చూచుటకు ఇది అందరికిని ఒక్కటే నియమము. కాని పరభాషలో చదువు ముగించి ఆ యీడునకు లండను చేరి పోటీపడుట భారతీయ బాలునకు దుర్లభము. ఆ యేటనే సురేంద్రనాథుడు, ఆనందమోహన బోసు మున్నగువారు కలకత్తాలో స్థాపించిన ఇండియన్ అసోసియేషను ఈ సమస్యను చేపట్టెను. 1877లో టౌనుహాలున సభ జరిగెను. సురేంద్రనాథుడు ఉత్తర భారతమున పర్యటించి ప్రజాభిప్రాయమును కూడగట్టెను. ఒక నియామక నిబంధన పై సాగిన ఈ ఆందోళన భిన్న ప్రాంతములవారిని ఒక వేదికపైకి తెచ్చెను. ఇంగ్లండునందును భారతదేశమునందును ఏకకాలమున పరీక్ష జరుపవలెనని 1893లో కామన్సు సభ తీర్మానించినను అమలు కాలేదు. 1922లో గాని, అలహాబాదులో, ఆ పరీక్ష ఈ దేశమున జరుగలేదు. వాకిలి సముద్రము దాటి వచ్చుటకు 67 ఏండ్లు పట్టెను.

ఇంతలో క్రింది కొలువుల కథ వేరుగా నడచెను. ఇంగ్లీషు చదివినవారికి ప్రభుత్వోద్యోగములలో ప్రాధాన్యమీయవలెనని 1844లో హార్డింజి ఉత్తరువు చేసెను. 1857లో కలకత్తా విశ్వవిద్యాలయము నెలకొనెను. 1858లో దాని తొలి పట్టభద్రులలో నొకడైన బంకించంద్ర చటోపాధ్యాయుడు ఆ యేడే డిప్యూటీ మేజిస్ట్రేటుగా నియమితుడయ్యెను. పట్టము చేతికి వచ్చిన కొలువు వచ్చినట్లేయని కుటుంబములు నమ్మెను. క్రమముగా పట్టభద్రులు పెరిగిరి; కొలువులు ఆ వేగమున పెరుగలేదు. పరీక్ష ఉద్యోగములను సృష్టింపదు, ఉన్నవానిని పంచును. చదువుకున్నవారి నిరుద్యోగమునకు మూలమిచ్చటనే కలదు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియు వేళ, 1945 జూలైలో, సైన్యము నుండి విడుదలయగువారికి పని చూపుటకై భారత ప్రభుత్వము ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పెను. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు దాని సంతానమే. దేశ విభజన తరువాత నిర్వాసితులకును, 1948లో సర్వజనులకును ఆ సేవ విస్తరించెను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1వ తేదీననే ఈ కార్యాలయముల నిర్వహణ రాష్ట్రములకు సంక్రమించెను. ప్రభుత్వ సంస్థలును, 25 మంది లేక అంతకు మించి పనివారు గల ప్రైవేటు సంస్థలును, కొన్ని మినహాయింపులతో, తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలుపవలెనని 1959లో చట్టమయ్యెను. చట్టము విధించినది తెలుపుటయే. అచ్చట పేరున్నవారినే తీసికొనవలెనన్న నిర్బంధము అందు లేదు. అయినను ప్రభుత్వ ఉత్తరువుల వలన అనేక చిన్న కొలువులకు ఆ జాబితాయే వాకిలియయ్యెను.

మరి జాబితా నుండి పేరు పంపబడనివాని గతి యేమి? ఈ ప్రశ్న కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకముల వివాదముగా సుప్రీంకోర్టునకు చేరెను. ఎక్స్ఛేంజి ద్వారా నియామకము జరుపు పద్ధతిని 1987లో అదే న్యాయస్థానము సమర్థించి యుండెను. 1996లో మాత్రము ఒక్క జాబితా చాలదనెను. ఎక్స్ఛేంజీకి తెలుపుటతో పాటు పత్రికలలో ప్రకటింపవలెను, కార్యాలయపు నోటీసుబోర్డుపై ఉంచవలెను, రేడియో, టెలివిజనులలో తెలుపవలెను, దరఖాస్తు చేసిన అర్హులనందరిని పరిశీలింపవలెను. సిఫారసును తప్పించుటకు పుట్టిన జాబితా తానే అడ్డుగోడ కాకూడదని దాని భావము.

వాకిలి అందరిదైనప్పుడు ఇంటివారి మాట యేమి అన్నది తెలుగువారికి అనుభవములోని ప్రశ్న. నివాస నిబంధనలను రద్దుచేసిన 1957 చట్టము కొన్ని ప్రాంతములను మినహాయించెను. వానిలో తెలంగాణము ఒకటి. ఆ మినహాయింపు రాజ్యాంగ విరుద్ధమని 1969లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చెను. తెలంగాణమున 1969లోను, ఆంధ్రమున 1972లోను తీవ్రాందోళనలు చెలరేగెను. 1973 నాటి ఆరుసూత్రముల పథకము, రాజ్యాంగమున చేరిన 371-డి అధికరణము, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తరువు స్థానికులకు రాష్ట్ర కొలువులలో వాటాను నిర్ణయించెను. కొలువుల కొరత యున్నచోట పంపకపు నియమమే ప్రాంతముల మధ్య వైరమునకు కారణము కాగలదని ఆ చరిత్ర చూపెను.

పరీక్ష యున్నంత మాత్రమున విశ్వాసము నిలువదు. 2016లో పశ్చిమ బెంగాలులో జరిగిన పాఠశాల సిబ్బంది ఎంపికలో అక్రమములు బయటపడగా, 25,000కు పైగా నియామకములను 2024 ఏప్రిలులో కలకత్తా హైకోర్టు రద్దుచేసెను. 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును ఖాయపరచెను. ఏ దోషమును రుజువుకానివారును కొలువు కోల్పోయిరి. జవాబుపత్రములు భద్రముగా నుండనిచో నిజాయితీగా నెగ్గినవాడు సైతము తాను నెగ్గితినని నిరూపించుకొనజాలడు.

కేంద్ర కొలువులలో గ్రూపు-సి పదవులకును, గెజిటెడు కాని గ్రూపు-బి పదవులకును ఇంటర్వ్యూలు 2016 జనవరి 1 నుండి తొలగింపబడెను. స్టాఫ్ సెలక్షన్ కమిషను 2023లో మల్టీ టాస్కింగ్ సిబ్బంది పరీక్షను హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, బెంగాలీ మున్నగు 13 ప్రాంతీయ భాషలలో జరిపెను. ఇట్టి చర్యల వలన కొలువుల సంఖ్య పెరుగదు. ఆ పని పొలములును, కర్మాగారములును, వర్తకమును చేయవలసినది. ఉన్న కొలువు ఎచ్చట కలదో, ఎట్లు లభించునో, ఎవరికేల లభించెనో బాహాటముగా తెలియజేయుట మాత్రము సర్వదా కార్యాలయముల ధర్మము. ఆ ధర్మము ఫైలుపై వ్రాయు ప్రతి గుమాస్తా చేతిలోను కొంత యున్నది.