కొరవంజి చేతి సూది

రాయచూరు అంతర్వేదిలో, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ పల్లెల్లో, పచ్చబొట్టు పొడిచే కొరవంజి రాక దాదాపు ఆగిపోయింది. తెలిసిన కథే. తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగదు కదా.

బుట్ట చంకన పెట్టుకుని ఊరూరా తిరిగేది. హచ్చె అని కన్నడంలో పిలిచినా, పచ్చబొట్టని తెలుగులో పిలిచినా పలికేది. దీపం మసిని ఆకుపసరుతో నూరి, నాలుగు సూదులు దారంతో కట్టి, పాట ఎత్తుకునేది. పిల్ల నొప్పి మరిచిపోవాలని ఆ పాట. ముంజేతి మీద తేలు, తులసికోట, తోడబుట్టినవాడి పేరు. ఆపైన పసుపు అద్దేది. హట్టి గనుల్లో బంగారం పండే జిల్లాలో కూలింటి ఆడపిల్లకు దక్కిన నగ అదే. కాటిదాకా వెంట వచ్చే సొమ్ము అదొక్కటేనని ముసలమ్మలు అనేవారు.

అయ్యో, ఆ సూదుల కట్ట! ఈ చేతి నుంచి ఆ చేతికి, ఈ ఊరి నుంచి ఆ ఊరికి అదే కట్ట. ఎండిన నెత్తుటిలో హెపటైటిస్ బి వైరస్ 7 రోజులైనా బతికి ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? పసుపు చాలుననుకుంది. ఆమె తల్లీ అలాగే అనుకుంది.

దారి మళ్ళే ఘడియలు రాకపోలేదు. 1986లో మద్రాసులో హెచ్‌ఐవి బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. సూది గురించిన మాట పల్లెకు చేరింది గానీ భయంగానే చేరింది. మంత్రసానిని కూర్చోబెట్టి నేర్పి, శుభ్రమైన కాన్పు కిట్టు చేతిలో పెట్టిన సర్కారుకు, ఈమె కూడా రోజూ నెత్తురు ముట్టే మనిషేనని తోచినట్టు లేదు. మనిషికో కొత్త సూది, మనిషికో చిన్న మూతలో వేరుగా సిరా, చేతికి తొడుగు. ఎంతని ఖర్చు?

హెపటైటిస్ పేరు చెప్పి న్యూయార్క్ నగరం 1961లో పచ్చబొట్లను నిషేధించింది, 1997లో మళ్ళీ తలుపు తీసింది. మన కొరవంజిని ఎవరూ నిషేధించలేదు. పిలవడం మానేశారు, అంతే.

ఇప్పుడు జాతరలో ఆమె చోట బ్యాటరీ మిషన్ గిర్రుమంటోంది. మిషన్ కొత్తదే. సూది ప్యాకెట్ తమ కళ్ళ ముందే విప్పమని అడిగే కుర్రాళ్ళు ఎందరు? 2025లో కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావు, టాటూ సిరాల్లో ఆర్సెనిక్, క్రోమియం వంటి 22 లోహాలు కనబడ్డాయనీ నియమాలు కావాలనీ అన్నారు. కావాలి, నిజమే. ఆమె మసినీ ఆమె పసరునూ పరీక్షకు పంపుదామన్నా, ఇప్పుడు ఆమెను ఎక్కడని వెతకడం?