వణికే చేతుల వెనుక కథ



మన ఇళ్లలో పెద్దవాళ్ల చేయి వణికితే "ముసలితనం, ఏం చేస్తాం" అంటాం. చంద్రపూర్‌లో మన మరాఠీ ఇరుగుపొరుగు వారు "వయ ఝాలం" అంటారు. రెండు భాషల్లోనూ మాట ఒకటే, పొరపాటూ ఒకటే. నేనూ ఆ పొరపాటు చేసినవాణ్ణే. బల్లార్‌పూర్‌లో మా నాన్నగారి చేతిరాత రెండేళ్లపాటు చిన్నదవుతూ వచ్చింది. బడిలో పిల్లల రాత దిద్దే నేను, ఇంట్లో ఆయన అక్షరాలు చీమల బారులా ఎందుకు మారాయో ఆలోచించలేదు.

ఆ జబ్బును ఆయుర్వేదం కంపవాతం అంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దాని లక్షణాలను వివరంగా రాశాడు. అందుకే దానికి ఆయన పేరు వచ్చింది. కాని మెదడులో ఏది తగ్గితే ఇలా అవుతుందో తెలియడానికి మరో 140 ఏళ్లు పైగా పట్టింది. ఆ రహస్యం విప్పిన కథలో మన దేశపు మొక్కలు రెండు ఉన్నాయి.

మొదటిది సర్పగంధ. దాని వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విద్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్లకు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. తరువాత ఎల్-డోపా అనే పదార్థం ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లో లేచి తిరిగాయి. కదలికకు కావలసినది డోపమిన్ అనే రసాయనమనీ, ఎల్-డోపా మెదడులో డోపమిన్‌గా మారుతుందనీ ఆ పరిశోధనలు దారి చూపాయి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఈ జబ్బుతో చనిపోయినవారి మెదడులో డోపమిన్ బాగా తగ్గిపోయి ఉండటం చూపించాడు. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ డోపాను కొద్దికొద్దిగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి రోగులను నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో మొక్క దూలగొండి. మరాఠీలో ఖాజకుయిలీ, సంస్కృతంలో కపికచ్ఛు. కాయ నూగు తగిలితే ఒళ్లంతా దురద పెడుతుంది, పొలం గట్లమీద తిరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది మందవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

అయితే ఒక హెచ్చరిక. గింజల్లో ఉన్నది మందే కదా అని ఇంట్లో దంచుకుని మింగకండి. ఏ గింజలో ఎంత ఉందో కంటికి కనిపించదు. మోతాదు మించితే వాంతులు అవుతాయి, రక్తపోటు పడిపోతుంది, భ్రమలు కలగవచ్చు. డాక్టరు ఇచ్చిన మాత్రలకు ఇది తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ.

వయసుతో డోపమిన్ అందరిలోనూ కొంత తగ్గుతుంది. అందువల్ల పెద్దలు కాస్త నెమ్మదించడం సహజం. కాని ఊరకే ఒడిలో పెట్టుకున్న చేయి, అదీ ఒకవైపే వణకడం, అడుగులు చిన్నవి కావడం, ముఖంలో భావం తగ్గడం, వాసన తెలియకపోవడం, చేతిరాత కుదించుకుపోవడం, వీటిని వయసేనని వదిలేయకూడదు. అన్ని వణుకులూ ఈ జబ్బూ కావు. తేల్చవలసినది నరాల వైద్యుడు. జబ్బు తేలితే మాత్రలు వేళకు వేయాలి, చెప్పకుండా ఆపకూడదు. పప్పు, గుడ్డు, మాంసం ఎక్కువగా ఉన్న భోజనంతో కలిసి వేసుకుంటే మందు సరిగా పట్టకపోవచ్చు కనుక వేళను డాక్టరును అడగండి. రోజూ నడక, వ్యాయామం కదలికకు ఎంతో మేలు.

మా నాన్నగారు మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు పింఛను కాగితం మీద తన సంతకం తానే చేశారు. జబ్బు పోలేదు. నేను పోగొట్టిన ఆ రెండేళ్లూ తిరిగి రాలేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పెద్దల చేతుల వైపు ఒకసారి చూడండి. పాత ఉత్తరం ఒకటి తీసి, ఇప్పటి రాతతో పోల్చి చూడండి.