కప్పు దక్కని విజేతలు: వైలీ కాలేజీ డిబేట్ జట్టు చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నాకు ఇష్టమైన ఒక చరిత్ర రాస్తున్నాను. ఇది మన ఊరిది కాదు, మన దేశానిదీ కాదు. అమెరికాలోని ఒక చిన్న కాలేజీ డిబేట్ జట్టు కథ. అయితే శనివారం చివరి పీరియడ్‌లో "కత్తి గొప్పదా, కలం గొప్పదా" అని గొంతు చించుకుని వాదించిన వాళ్లందరికీ ఇది దగ్గరి కథే అనిపిస్తుంది. ఒక బడి తన గతాన్ని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది. యాభై ఏళ్ల పండుగ జరుపుకుంటున్న మనకు ఆ ప్రశ్న అవసరమే.

ఊరు, కాలేజీ, మాస్టారు

టెక్సస్ రాష్ట్రం తూర్పు అంచున మార్షల్ అనే చిన్న పట్టణం ఉంది. అది హారిసన్ కౌంటీ కేంద్రం. బానిసత్వం ఉన్న రోజుల్లో టెక్సస్ మొత్తంలో ఎక్కువమంది బానిసలు ఉన్న కౌంటీ అదే. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక, 1873లో మెథడిస్టు చర్చి వారు అక్కడ నల్లజాతి పిల్లల చదువు కోసం వైలీ కాలేజీ పెట్టారు. డబ్బు తక్కువ, విద్యార్థులు కొన్ని వందలమంది.

ఆ కాలేజీకి 1920ల్లో ఇంగ్లీషు చెప్పడానికి మెల్విన్ బి. టోల్సన్ అనే యువకుడు వచ్చాడు. 1898లో మిస్సోరిలో పుట్టి, పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. స్వయంగా కవి. పాఠం చెప్పడంతో ఆగే మనిషి కాదు. నాటకాలు వేయించేవాడు, చుట్టుపక్కల కౌలు రైతులను కూడగట్టేవాడు. కాలేజీలో డిబేట్ జట్టును మొదలుపెట్టింది ఆయనే.

మనకూ అలాంటి మాస్టార్లు ఉన్నారు. సిలబస్‌లో లేనిదే ఎక్కువ నేర్పిన వాళ్లు. ఈ సంచిక తిరగేస్తుంటే ఎవరి క్లాసులో మాస్టారు వాళ్లకు గుర్తొస్తారు.

సాధన

టోల్సన్ దగ్గర డిబేట్ అంటే రాసిచ్చిన వ్యాసం బట్టీపట్టి ఒప్పజెప్పడం కాదు. విషయం ఇవ్వగానే పిల్లలు లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు, పత్రికలు జల్లెడ పట్టాలి. తర్వాత మాస్టారి ముందు నిలబడి వాదించాలి. ఆయన ప్రతిపక్షమై ఒక్కో మాటకూ ఆధారం అడిగేవాడు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ చెయ్యి ఎత్తాలి అన్నది కూడా మళ్లీ మళ్లీ సాధన చేయించేవాడని ఆ జట్టులో ఉన్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

డిబేట్‌లో ముఖ్యమైన సంగతి, ఏ పక్షం వచ్చినా వాదించగలగాలి. అనుకూలంగా తయారైనవాడు ప్రతికూలంగానూ తయారు కావాలి. ఇది మన సంప్రదాయానికి కొత్త కాదు. మన శాస్త్ర గ్రంథాల్లో ముందు పూర్వపక్షం చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం చెబుతారు. ఎదుటివాడి వాదనను అతనికన్నా బాగా చెప్పగలిగినవాడికే దాన్ని ఖండించే అర్హత. నా వృత్తిలోనూ ఇదే పద్ధతి. ఒక డిజైన్ నిలబడుతుందని చూపించే ముందు అది ఎక్కడెక్కడ కూలగలదో మేం లెక్క వేసుకుంటాం. ఆ లెక్క వేయని ఇంజనీరు గీసిన వంతెన మీద నడవడానికి నేనైతే భయపడతాను.

వైలీ పిల్లలకు ఈ విద్య మరింత అవసరం. వాళ్లు పెరిగిన సమాజంలో రైలు పెట్టె వేరు, హోటలు వేరు, బడి వేరు. నల్లవాడు తెల్లవాడికి ఎదురు మాట్లాడటమే ప్రాణాపాయం. అలాంటి చోట, తెల్ల విద్యార్థి పక్కన అదే వేదిక మీద నిలబడి, అంతే సమయం తీసుకుని, అతని మాటను తర్కంతో కాదనగలిగే ఒకే ఒక సందర్భం డిబేట్.

వేదిక నుంచి వేదికకు

మొదట్లో వైలీ జట్టు తోటి నల్లజాతి కాలేజీలతోనే పోటీపడేది. 1930లో షికాగోలో మిషిగన్ యూనివర్సిటీ న్యాయ విద్యార్థులతో తలపడింది. నల్లజాతి కాలేజీకీ తెల్లవారి యూనివర్సిటీకీ మధ్య జరిగిన తొలి డిబేట్లలో అది ఒకటి. గెలుపు ఓటములు ప్రకటించని పోటీ అది. ఆ జట్టులో హెన్రియెటా బెల్ అనే అమ్మాయి ఉంది. అప్పుడామె కాలేజీలో చేరిన మొదటి ఏడాదే. మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే ఆడపిల్ల.

తర్వాత ఓక్లహోమా సిటీ యూనివర్సిటీతో డిబేట్ జరిగింది. 1935లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ వైలీ జట్టును పిలిచింది. దక్షిణాదిలో ఒక తెల్లవారి కాలేజీ నల్లజాతి జట్టుకు తన వేదిక ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

దారి వేదికకన్నా కష్టం. ఊళ్లకు కారులో వెళ్లేవారు. హోటళ్లు రానివ్వవు. రాత్రిళ్లు నల్లజాతి కుటుంబాల ఇళ్లలోనో, నల్లజాతి కాలేజీల్లోనో తలదాచుకోవాలి. నల్లవాళ్లను గుంపులు పట్టుకుని చెట్లకు ఉరితీస్తున్న కాలం. అటువంటి గుంపు నుంచి ఈ జట్టు కూడా తప్పించుకున్న సందర్భం ఉంది. మర్నాడు వేదిక ఎక్కి, ఏమీ జరగనట్టు శాంతంగా అంకెలు, ఆధారాలు చెప్పాలి.

1935, లాస్ ఏంజెలెస్

ఆ ఏడాది యాత్రలో అసలు పోటీ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీతో జరిగింది. అప్పటికి జాతీయ ఛాంపియన్లుగా పేరున్న జట్టు వాళ్లది. ఆ యూనివర్సిటీ పరిమాణం చూస్తే తన పిల్లలు బెదిరిపోతారేమోనని, పోటీ వేళ దాకా టోల్సన్ వాళ్లను అటువైపు వెళ్లనివ్వలేదని చెబుతారు. అక్కడి ఒక్క ప్రసంగ విభాగమే వైలీ కాలేజీ అంత ఉండేదట.

ఆ ఏడాది దేశమంతటా కాలేజీలకు ఇచ్చిన విషయం: ఆయుధాలు, మందుగుండు సామగ్రి ఒక దేశం నుంచి మరో దేశానికి రవాణా కాకుండా దేశాలన్నీ ఒప్పందం చేసుకోవాలా? వైలీ తరఫున హోబార్ట్ జారెట్, హెన్రీ హైట్స్ మాట్లాడారు. పదిహేనేళ్ల జేమ్స్ ఫార్మర్ అనే కుర్రవాడు అదనపు సభ్యుడు. వెయ్యిమందికి పైగా జనం చూస్తుండగా వైలీ గెలిచింది.

జాతీయ ఛాంపియన్లను ఓడించిన జట్టు ఛాంపియన్ కావాలి కదా. కాలేదు. కాలేజీ డిబేట్లు నడిపే పై కప్పా డెల్టా అనే జాతీయ సంస్థ అప్పట్లో నల్లవారికి సభ్యత్వం ఇచ్చేది కాదు. సభ్యత్వం లేదు గనుక బిరుదు లేదు. వైలీ అద్దాల బీరువాలో ఆ కప్పు చేరలేదు.

ఆ గొంతులు ఏమయ్యాయి?

కప్పు లేకపోయినా ఆ శిక్షణ ఎక్కడికి వెళ్లిందో వెతికితే దొరుకుతుంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

హేమన్ స్వెట్ వైలీలో చదివి టోల్సన్ ప్రభావంలో పెరిగినవాడు. 1946లో టెక్సస్ యూనివర్సిటీ లా కాలేజీలో సీటుకు దరఖాస్తు చేశాడు. నల్లవాడన్న కారణంతో కాదన్నారు. కోర్టుకు వెళ్లాడు. 1950లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా అతనివైపు తీర్పు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత బడుల్లో జాతి విభజన చెల్లదని చెప్పిన ప్రసిద్ధ తీర్పుకు దారి వేసిన కేసుల్లో అదొకటి.

హోబార్ట్ జారెట్ ఇంగ్లీషు ప్రొఫెసరు అయ్యాడు. 1960లో నార్త్ కరొలైనా గ్రీన్స్‌బరోలో, తెల్లవారికి మాత్రమే వడ్డించే కౌంటరు దగ్గర విద్యార్థులు కూర్చుని నిరసన మొదలుపెట్టారు. ఆ ఊరి నల్లజాతి పౌరుల తరఫున చర్చల్లో నిలిచిన వాళ్లలో ఆయన ఒకరు. పాతికేళ్ల కిందట వేదిక మీద వాదించిన మనిషి ఇప్పుడు చర్చల బల్ల దగ్గర వాదించాడు.

అదనపు సభ్యుడు జేమ్స్ ఫార్మర్ అందరికన్నా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. వైలీ నుంచి హోవర్డ్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ ఆయన గురువు హోవర్డ్ థర్మన్ 1936లో మన దేశం వచ్చి బార్డోలీలో గాంధీజీని కలిసినవాడు. ఆయన ద్వారా ఫార్మర్ సత్యాగ్రహాన్ని చదువుకున్నాడు. 1942లో షికాగోలో మిత్రులతో కలిసి జాతి సమానత్వం కోసం 'కోర్' అనే సంస్థ స్థాపించి, గాంధీ పద్ధతిని అమెరికా వీధుల్లోకి తెచ్చాడు. 1961లో నల్లవారు, తెల్లవారు కలిసి బస్సుల్లో దక్షిణాదికి సాగిన 'ఫ్రీడం రైడ్స్' నడిపింది ఈ సంస్థే. ఒక బస్సును తగలబెట్టారు, యాత్రికులను చితకబాదారు, ఫార్మర్ జైలుకెళ్లాడు. దారులు వేరైన మాల్కం ఎక్స్‌తో ఆయన పలుమార్లు బహిరంగ వేదికల మీద డిబేట్ చేశాడు. 1998లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ఆ దేశ అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నాడు.

హెన్రియెటా బెల్ ఉపాధ్యాయురాలిగా, సామాజిక కార్యకర్తగా జీవితం గడిపింది. టోల్సన్ 1947లో వైలీ వదిలి ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ యూనివర్సిటీకి వెళ్లాడు. కవిగా పేరు పొందాడు, ఆ ఊరికి మేయరయ్యాడు, 1966లో కన్నుమూశాడు.

మరుపు, మళ్లీ గుర్తు

టోల్సన్ వెళ్లాక వైలీలో డిబేట్ నిలవలేదు. ఒక మనిషి భుజాల మీద నడిచిన పని ఆ మనిషితోనే వెళ్లిపోయింది. దశాబ్దాలపాటు ఆ కాలేజీకి డిబేట్ జట్టే లేదు.

2007లో డెంజెల్ వాషింగ్టన్ దర్శకత్వం వహించి, తానే టోల్సన్ పాత్ర వేసి 'ది గ్రేట్ డిబేటర్స్' సినిమా తీశాడు. అప్పటికి తొంభై అయిదేళ్లున్న హెన్రియెటా దగ్గరికెళ్లి పాత సంగతులు అడిగి తెలుసుకున్నాడు. ఆమె మరుసటి ఏడాదే చనిపోయింది. ఆ సినిమా ఏడాదే జట్టును తిరిగి నిలబెట్టడానికి ఆయన వైలీకి పది లక్షల డాలర్లు ఇచ్చాడు. 2014లో వైలీ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. ఏ సంస్థ పోటీల్లో అంటే, ఒకప్పుడు తలుపు మూసిన పై కప్పా డెల్టా పోటీల్లోనే.

సినిమా గురించి ఒక మాట చెప్పాలి. అందులో వైలీ జట్టు చివర్లో ఓడించేది హార్వర్డ్‌ను. నిజంగా ఓడించింది సదరన్ కాలిఫోర్నియా వాళ్లను. సినిమాకు హార్వర్డ్ పేరు కలిసొస్తుంది, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఇవాళ చాలామంది నోట వినిపించేది హార్వర్డ్ కథే. అసలు సంగతి మనదాకా రావడానికి ఒక కారణం జారెట్. 1935లోనే ఆయన ఈ డిబేట్ యాత్రల గురించి 'ది క్రైసిస్' పత్రికలో వ్యాసం రాశాడు. ఇరవై ఏళ్లైనా సరిగా దాటని కుర్రవాడు, చూసింది చూసినట్టు వెంటనే కాగితం మీద పెట్టాడు.

మన వంతు

మన బడికి ఛాంపియన్ బిరుదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమని ఈ కథ రాయలేదు. మన వక్తృత్వ పోటీల్లో బహుమతిగా వచ్చింది సబ్బు పెట్టె, పెన్ను, మహా అయితే స్టీలు టిఫిన్ బాక్సు. అవి ఇప్పుడు ఎవరి దగ్గరా లేకపోవచ్చు. ఆ పోటీల్లో నిలబడిన వాళ్లు మాత్రం ఉన్నారు. కోర్టుల్లో, పంచాయతీ సమావేశాల్లో, యూనియన్ మీటింగుల్లో, తరగతి గదుల్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఆ గొంతు తమకు ఎక్కడ వచ్చిందో వాళ్లు రాయకపోతే రేపు ఎవరికీ తెలియదు.

అందుకే సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో ఒక రిజిస్టరు తెరుద్దాం. ఏ సంవత్సరం, ఏ పోటీ, ఎవరు పాల్గొన్నారు, ఏ మాస్టారు తయారు చేశారు అన్నది గుర్తున్నవాళ్లు గుర్తున్నట్టు రాయాలి. గెలిచిన వాళ్ల పేర్లతో పాటు ఓడిన వాళ్ల పేర్లూ ఉండాలి. రిటైరైన మాస్టార్ల, టీచరమ్మల ఇళ్లకు మనమే వెళ్లి అడగాలి. హెన్రియెటాను అడిగినట్టు, వాళ్లు ఉండగానే అడగాలి.

రెండు, ఏటా వార్షికోత్సవానికి డిబేట్ పోటీ పెట్టి, దాని ఖర్చు, శిక్షణ బాధ్యత సంఘమే తీసుకోవాలి. ఒక్క మాస్టారి ఓపిక మీద వదిలేస్తే వైలీలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ఏ పక్షమో వేదిక ఎక్కే ముందు చీటీ తీసి చెప్పాలి. తమకు నచ్చని పక్షాన్ని కూడా నిజాయితీగా వాదించడం పదమూడేళ్లకే అలవాటైన పిల్లలకు, పెద్దయ్యాక ఎదుటివాడి మాట పూర్తిగా వినడం కష్టం కాదు. మొదటి ఏడాది బహుమతులు మా బ్యాచ్ ఇస్తుంది. పాత రోజుల గౌరవార్థం, స్టీలు టిఫిన్ బాక్సులే ఇస్తాం.