ఖాళీ ఇళ్లు, నిలువ నీడ లేని జనం

2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణ ప్రాంతాల్లో ఖాళీగా నమోదైన ఇళ్లు సుమారు కోటీ 11 లక్షలు. అవే లెక్కల ప్రకారం పట్టణాల్లో గూడు లేనివారు 9 లక్షల మందికి పైనే. మరుసటి ఏడాది కేంద్రం నియమించిన నిపుణుల బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత కోటీ 88 లక్షలని తేల్చింది. ఆ కొరతలో నూటికి 95 వంతులకు పైగా అల్పాదాయ వర్గాలదే. తాళం వేసిన ఇల్లూ, తల దాచుకునే చోటు లేని మనిషీ ఒకే నగరంలో ఎందుకు కలిసి ఉంటున్నారు? స్వతంత్ర భారత చరిత్రలోనే దీనికి జవాబు ఉంది.

ఖాళీ ఇళ్లను స్వాధీనం చేసుకోవడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. దేశ విభజన నాడు దాదాపు 5 లక్షల మంది శరణార్థులు ఢిల్లీకి చేరారు. వలస వెళ్లిన ముస్లింల ఇళ్లను కాందిశీకుల ఆస్తిగా ప్రకటించి, కస్టోడియన్ ద్వారా కేటాయించారు. 1950లో దానికి సమగ్ర చట్టమే వచ్చింది. అయితే దేశం విడవకుండా ప్రాణభయంతో అదే నగరంలోని శిబిరాల్లో తలదాచుకున్నవారి ఇళ్లూ అన్యాక్రాంతమయ్యాయి. వారు నిర్భయంగా తమ ఇళ్లలో ఉండగలగాలన్నది 1948 జనవరిలో గాంధీజీ చేసిన చివరి నిరాహారదీక్ష ఆశయాల్లో ఒకటి. ఇల్లు ఎవరు, ఎందుకు ఖాళీ చేశారో అడగకుండా పంచితే అది న్యాయం కాదని ఆనాడే తేలింది.

బొంబాయి అనుభవం మరో పాఠం. యుద్ధకాలంలో అద్దెదారులను కాపాడేందుకు మొదలైన నియంత్రణ 1947 చట్టంతో స్థిరపడింది. 1940 సెప్టెంబరు 1 నాటి అద్దే దశాబ్దాల తరబడి ప్రమాణమైంది. పేదవాడికి నగరం నడిబొడ్డున నీడ దక్కింది కానీ, ఆ అద్దెతో గోడకు సున్నం కూడా వేయించలేనన్న యజమాని మరమ్మతు మానేశాడు. ఖాళీ అయిన గదిని మళ్లీ అద్దెకివ్వడం కన్నా తాళం వేయడమే మేలనుకున్నాడు. వానాకాలం వస్తే పాత భవనాలు కూలి ప్రాణాలు పోయేవి.

ఆ దశలో 1969 నాటి చట్టం ఒక విలువైన సూత్రాన్ని ముందుకు తెచ్చింది: ఇంటి మరమ్మతు ప్రజా బాధ్యత. దాని కింద ఏర్పడిన బోర్డు 19,642 పాత భవనాల నుంచి సెస్సు వసూలు చేసి మరమ్మతులకు పూనుకుంది. కానీ ఖర్చుకు పరిమితి విధించారు. పరిమితి దాటితే కూల్చివేతే. నివాసులు తాత్కాలిక శిబిరాలకు వెళ్లాలి. తాత్కాలికమన్నది చాలామందికి ఏళ్లూ పూళ్లూ సాగింది. తర్వాత అదనపు అంతస్తుల ఆశ చూపి పునర్నిర్మాణాన్ని బిల్డర్లకు అప్పగించే విధానం వచ్చింది. మరమ్మతు వెనకపడింది, స్థలం విలువ ముందుకొచ్చింది.

2020లో లాక్‌డౌన్ వేళ అద్దె కట్టలేని వలస కార్మికులు వందల మైళ్లు నడిచి సొంతూళ్లకు వెళ్లడం చూశాం. ఆ జూలైలో కేంద్ర మంత్రివర్గం అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ ధనంతో కట్టి ఖాళీగా పడి ఉన్న లక్షకు పైగా ఇళ్లను బాగుచేసి చౌకగా అద్దెకివ్వాలన్నది లక్ష్యం. తర్వాతి ఏళ్లలో పార్లమెంటుకు ప్రభుత్వం చెప్పిన లెక్క: గుర్తించిన ఖాళీ ఇళ్లు 83,534, అద్దె ఇళ్లుగా మారినవి 5,648. చాలా కాలనీలు పని దొరికే చోటికి దూరంగా, నీరు, మురుగు కాలువ, బస్సు లేని శివార్లలో ఉన్నాయి. అటువంటి గోడలకు రంగు వేసినంత మాత్రాన ఇల్లు కాదు.

ప్రైవేటు ఖాళీ ఇళ్ల విషయంలో విధానం ఇందుకు పూర్తిగా విరుద్ధం. 2019 తాత్కాలిక బడ్జెట్ రెండో సొంత ఇంటి ఊహాజనిత అద్దెపై ఆదాయపు పన్నునే ఎత్తేసింది. అంటే అద్దెకిచ్చినవాడు పన్ను కట్టాలి, తాళం వేసినవాడు కట్టనక్కర్లేదు.

ఇళ్లు ఖాళీగా ఉండటం విధానాల ఫలితం కనుక, విధానాలతోనే దాన్ని మార్చవచ్చు. మరమ్మతుకు ప్రజాధనం, అద్దెదారుకు భద్రత, పనికి దగ్గర చోటు: ఈ మూడూ కలిసినప్పుడే తాళం తెరుచుకుంటుంది. లేదంటే వచ్చే జనాభా లెక్కల్లోనూ ఖాళీ ఇళ్లను ఒక పట్టికలో, గూడు లేనివారిని మరో పట్టికలో చదువుకుంటాం.