చిల్లర దేవుళ్ళు (నవల)

చిల్లర దేవుళ్ళు దాశరథి రంగాచార్య (1928–2015) రాసిన తెలుగు నవల. నిజాం పాలనలోని తెలంగాణ పల్లె దీని కథాస్థలం. 1946–51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ముందరి కాలాన్ని ఇది చిత్రిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. టి. మధుసూదనరావు దర్శకత్వంలో సినిమాగా వచ్చింది.

నేపథ్యం

రంగాచార్య నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టారు. కవి దాశరథి కృష్ణమాచార్య ఆయన అన్న. నిజాం వ్యతిరేక పోరాటంలో స్వయంగా పాల్గొన్న రచయిత, ఆ పోరాటం ఎందుకు తప్పలేదో చెప్పడానికి ఈ నవల రాశారు. తర్వాతి దశలను మోదుగుపూలు, జనపదం నవలల్లో కొనసాగించారు.

పాత్రలు

బతుకుదెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన గాయకుడు సారంగపాణి. ఊరికి కొత్తవాడు కావడంతో అక్కడివాళ్లకు అలవాటైపోయిన అన్యాయం అతని కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రామారెడ్డి దొరది ఊరిమీద తిరుగులేని పెత్తనం. లెక్కాపత్రం చేతిలో ఉన్న కరణం వెంకట్రావు ఆ పెత్తనానికి అండ. కరణం కూతురు తాయారు, దొర కూతురు మంజరి, దొర నివాసమైన గడీలోని ఆడబాప (దాసీ) వనజ ముఖ్యమైన స్త్రీ పాత్రలు.

ఇతివృత్తాలు

వెట్టిచాకిరీ, భూముల ఆక్రమణ, స్త్రీల అణచివేత నవలకు కేంద్రం. దొరసాని అత్తారింటికి వచ్చేటప్పుడు వెంట పంపే దాసీ పిల్లే ఆడబాప. ఆమెకు పెళ్లి ఉండదు; దొరా, ఆయన చుట్టాలూ ఎవరు పిలిచినా కాదనే హక్కు ఉండదు. ఈ ఆచారాన్ని రచయిత వనజ బతుకు ద్వారా చూపారు. మంజరి దొరబిడ్డే అయినా గడీ కట్టుబాట్లు ఆమెనూ వదలవు. నిజాం పేరు మీద ఊళ్లను ఏలే ఈ చిన్న ప్రభువులే శీర్షికలోని దేవుళ్ళు.

భాష

సంభాషణల్లో తెలంగాణ పలుకుబడి, ఉర్దూ మాటలు సహజంగా కలిసిపోతాయి. సారంగపాణి మాటతీరు వేరుగా ఉండటంతో రెండు ప్రాంతాల యాసలూ పక్కపక్కనే వినబడతాయి.

స్థానం

వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి నవలతో పాటు దీన్ని తెలంగాణ పోరాట సాహిత్యంలో ప్రధానంగా లెక్కిస్తారు. తెలంగాణ చరిత్ర, సాహిత్యం ఉద్యోగ పరీక్షల్లో పాఠ్యాంశాలు కావడంతో హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివే అభ్యర్థులకూ ఈ నవల పరిచితమే. అయితే రచయిత పేరు, పురస్కారం గుర్తుపెట్టుకుంటే పరీక్షకు సరిపోతుందేమో గానీ, రైతులు తుపాకీ ఎందుకు పట్టారో తెలియాలంటే నవలే చదవాలి.