పంపు మేస్త్రీ నుంచి ఈసీఎం డబ్బా దాకా

2027కు డీజిల్ పంపుకు నూరేళ్లు నిండుతాయి. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో ఆ పని తలపెట్టి, 1927లో లారీ ఇంజన్లకు ఇంజెక్షన్ పంపులు వరుసగా తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ కంపెనీయే మన దేశంలో 1951లో మైకో పేరుతో తయారీకి దిగి, బెంగళూరు ఆడుగోడిలో కార్ఖానా పెట్టింది. కర్నూలు, కడప జిల్లాల్లో లారీ, ట్రాక్టరు, జీపు నడిపినవాళ్లకు ఆ పేరు ఇంటిపేరంత పరిచయం. నిన్నటిదాకా ఆ పంపు చేసిన డీజిల్ కొలిచే పనిని ఇప్పుడు పికప్ బండ్లలో ఈసీఎం అనే ఒక చిన్న కంప్యూటర్ చేస్తోంది. అది చెడితే రైతు, డ్రైవరు, మెకానిక్కు ముగ్గురూ దిక్కులు చూడాల్సి వస్తోంది. నూరేళ్ల సందర్భంగా రాయాల్సింది ఆ సంగతే.

ఇంజన్లు రాకముందు రాయలసీమలో సరుకు కదిలింది ఎద్దుల వీపు మీద. లంబాడీల ఎద్దుల బిడారాలు ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కను అంతా తిరిగాయి. 1792 నాటి శ్రీరంగపట్నం యుద్ధంలో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చిందీ వాళ్లే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా బోయీలు మోసిన పల్లకీలో సాగిపోయాడు. ఆ తర్వాత సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వారు. సేద్యంతో పాటు పడవలూ నడుస్తాయని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఆశపడింది. ఆశ తీరలేదు, 1882లో కాలువను ప్రభుత్వమే కొనుక్కుంది. 1871కల్లా మద్రాసు రైలు కడప మీదుగా రాయచూరు చేరింది. రైలుకు దూరంగా ఉన్న పల్లెలకు మాత్రం ఇంకో ఎనభై ఏళ్లు ఎద్దులబండే గతి.

స్వాతంత్ర్యం వచ్చాక మహీంద్రా జీపులు, 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు చేసిన బెంజి లారీలు, ఎన్నూరు నుంచి లేలాండ్లు వచ్చాయి. బేతంచెర్ల బండలు, ఎర్రగుంట్ల నాపరాళ్లు, మంగంపేట ముగ్గురాయి, కర్నూలు ఉల్లి అన్నీ డీజిల్ మీదే ఊళ్లు దాటాయి. నాకు ఇష్టమైన కాలం ఇక్కడ మొదలవుతుంది.

ఆ కాలపు పంపు మనిషి బుద్ధికి గొప్ప సాక్ష్యం. ఇంజన్‌లో ఎన్ని సిలిండర్లుంటే పంపులో అన్ని ఎలిమెంట్లు. ఎలిమెంటంటే ఒక ఉక్కు గొట్టం, అందులో ఆడే ఉక్కు కడ్డీ. రెంటికీ మధ్య సందు మిల్లీమీటరులో రెండు మూడు వెయ్యోవంతులు. రబ్బరు సీలు లేకుండానే డీజిల్‌ను గాలి ఒత్తిడికి వందల రెట్ల ఒత్తిడితో నాజిల్‌కు పంపేది. కడ్డీ మీద ఏటవాలుగా ఒక గాడి ఉండేది. యాక్సిలరేటర్ తొక్కితే ర్యాక్ జరిగి కడ్డీ కాస్త తిరిగేది, ఆ గాడిని బట్టి డీజిల్ ఎక్కువో తక్కువో పడేది. వేగం మితిమీరకుండా గవర్నర్‌లోని గుండ్లు కాపలా కాసేవి. డీజిల్ కొలవడానికి కరెంటుతో పనే లేదు. బ్యాటరీ చచ్చినా దిగుడులో వదిలి గేరు వేస్తే బండి లేచి నడిచేది.

పంపు బాగుచేసే గది షెడ్డులో వేరుగా ఉండేది. తలుపు మూసి పెట్టేవాళ్లు, ఎందుకంటే దుమ్ము రేణువు ఒక్కటి పడినా ఎలిమెంటు గీరుకుపోతుంది. సీమలో దుమ్ముకు కొదవేముంది? లోపల పళ్లెంలో శుభ్రమైన డీజిల్, అందులో జతలు జతలుగా ఎలిమెంట్లు. ఒక జత కడ్డీ ఇంకో జత గొట్టంలోకి పోకూడదు, కలిపితే రెండూ దండగ. గోడ వారగా టెస్ట్ బెంచి, దాని మీద గాజు గొట్టాల వరుస. పంపును బెంచికి బిగించి తిప్పితే ఒక్కో గొట్టంలోకి డీజిల్ చేరేది. అన్నిట్లోనూ మట్టం ఒకటిగా రావాలి. ఒకదాంట్లో గీత కిందికి ఉంటే మేస్త్రీ స్క్రూ తిప్పి, మళ్లీ ఆడించి, మళ్లీ చూసేవాడు. అంతా సరిపోయాక సీసంతో సీలు వేసేవాడు.

ఆ సీలు దగ్గరే డ్రైవర్లకూ మేస్త్రీకీ పేచీ. "కొంచెం పికప్ పెంచున్నా, ఘాట్‌లో లోడు లాగల్యా" అని బతిమాలేవాళ్లు. "పొగ కక్కుతాది, డీజిల్ తాగుతాది, కడాకు పిస్టన్ కరుగుతాది, వద్దు" అని మంచి మేస్త్రీ కోప్పడేవాడు. ఇంజన్ తడబడితే అతనికి మీటరు అక్కర్లేదు. నడుస్తున్న ఇంజన్ మీద ఒక్కో పైపు నట్టు వదులు చేసి చూసేవాడు. ఏది వదిలితే చప్పుడు మారదో ఆ సిలిండరే చెడ్డది. ఈ విద్యకు బడి లేదు. చిన్న వయసులో షెడ్డులో చేరి, స్పానర్లు అందిస్తూ, ఎలిమెంట్లు కడుగుతూ నేర్చుకున్నారు. పేద ఇళ్ల పిల్లలు ఎందరో ఈ చదువుతోనే కుటుంబాలు నిలబెట్టారు. సీమ వ్యవసాయానికీ గనులకూ ప్రాణం పోసినవాళ్లలో వాళ్లను ముందు చెప్పాలి.

ఇక్కడి నుంచి కథ వరుసగా నడవదు. బండ్ల పొగను కట్టడి చేసే భారత్ స్టేజ్-4 నియమాలు 2010లో హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాలకు వచ్చాయి. దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్ 1న. 2020 ఏప్రిల్ 1 నుంచి స్టేజ్-6. అందువల్ల కొన్నేళ్లపాటు ఒకే కంపెనీ బండి పల్లెకు ఒక రకం, నగరానికి ఒక రకం. నగరంలో అమ్మిన సెకండ్ హ్యాండు బండ్లు సీమకూ చేరాయి. ఈ రోజు టమాటా మార్కెట్ ముందు ఆగిన పికప్‌ల వరుస చూడండి. ఒకదానికి పాత పంపు, పక్కదానికి కామన్ రైలు. బయటికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, లోపల వైద్యం వేరు.

కామన్ రైలు అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందించే పద్ధతి, అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. పాత అలవాటున నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్, రైలు ఒత్తిడి సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్ చెప్పే లెక్కలు విని, ఏ ఇంజెక్టర్ ఎప్పుడు ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీఎం నిర్ణయిస్తుంది. ఇంజన్‌కు ఇది మేలు చేసింది. పొగ తగ్గింది, లోడు లాగే బలం పెరిగింది. నాకు దాని మీద కోపం లేదు.

ఏళ్లు నడిచిన బండ్లలో మాత్రం ఈసీఎం రకరకాలుగా దెబ్బతింటోంది. ఉల్లి మూటలు ఎక్కువ పట్టాలని తొట్టి ఎత్తు పెంచే వెల్డింగ్ పనిలో బ్యాటరీ తీయరు, ఆ కరెంటు ఈసీఎంలోకి దూరుతుంది. ఇంకో బండి బ్యాటరీ నుంచి స్టార్ట్ చేయబోయి ప్లస్సు, మైనస్సు తారుమారు చేస్తారు. కప్లర్‌లోకి నీళ్లు దిగి పిన్నులు చిలుమెక్కుతాయి. ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి. అప్పుడు సెల్ఫ్ కొడుతుంది గానీ ఇంజన్ పట్టుకోదు. స్కానర్ పెడితే ఈసీఎం పలకదు. "కంప్యూటర్ పోయింది" అని తీర్పు వస్తుంది.

ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే. ఈసీఎం పలకకపోవడానికి ఎగిరిపోయిన ఫ్యూజు, చెడిన మెయిన్ రిలే, తుప్పు పట్టిన ఎర్త్ వైరు చాలు. సెన్సార్లకు ఈసీఎం ఐదు ఓల్టుల కరెంటు ఇస్తుంది. ఆ లైనులో ఒక్క సెన్సార్ షార్టయినా మిగతావన్నీ మూగబోయినట్టే కనిపిస్తాయి. సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటే పీకి, ఐదు ఓల్టులు తిరిగి వస్తున్నాయేమో మీటరుతో చూడాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా కొత్త డబ్బా బిగిస్తే, అదే షార్టు దాన్నీ ఇబ్బంది పెడుతుంది.

నిజంగా పోయిందనే తేలినా, బిగించడం వేరు, పని చేయించడం వేరు. పార్ట్ నంబరు సరిపోవాలి. ఆ బండి మోడల్‌కు తగిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఇంజెక్టర్ల తల మీద చెక్కిన కోడ్లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే రాయాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న బండైతే తాళాన్ని కూడా గుర్తింపజేయాలి. పాత ఇనుము బజారులో దొరికిన ఈసీఎం చౌకే, కానీ అందులో ఇంకో బండి వివరాలుంటాయి. చనిపోయిన ఈసీఎం మెమరీ చదవగలిగితే, దాన్ని కొత్తదానిలోకి ఎక్కించే పనిమంతులు ఉన్నారు. సొంతంగా నేర్చుకున్న ఆ కుర్రాళ్లను చూస్తే పంపు గది మేస్త్రీలే గుర్తుకొస్తారు.

తేడా ఒకటుంది. పాత మేస్త్రీకి పంపు విప్పితే విద్య దొరికేది. ఈ కుర్రాళ్లకు విప్పినా దొరకదు, ఈసీఎం సాఫ్ట్‌వేర్ బండి తయారుచేసిన కంపెనీల చేతుల్లో ఉంటుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్నదే అభియోగం. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వాహనాలు అందులో ఒక విభాగం. ఈ ప్రయత్నం వైరింగ్ బొమ్మలు, ప్రోగ్రామింగ్ పరికరాలు న్యాయమైన ధరకు ఆటోనగర్ షెడ్డు దాకా అందేలా సాగాలి. మన ఐటీఐల్లో మీటరు పట్టి ఈసీఎం పరీక్షించడం నేర్పాలి. పాలకులకు నా విన్నపం ఇదే.

పికప్ ఉన్న రైతన్నలకు కూడా ఒక మాట. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీయించండి. ఇంజెక్టర్ కోడ్లు, ఈసీఎం పార్ట్ నంబరు బండి బాగున్నప్పుడే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కంప్యూటర్ పోయిందని ఎవరు చెప్పినా, ఎర్త్ చూశారా, ఐదు ఓల్టులు చూశారా అని అడగండి. మార్చక తప్పకపోతే పాత ఈసీఎంను షెడ్డులో వదిలి రావద్దు, కొత్తదానికి కావలసిన మీ బండి వివరాలు దాంట్లోనే ఉంటాయి.